నీటిమట్టం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల నీటిమట్టం గారి సముఖానికి,

విషయం: సెలవుల్లో పిల్లాజెల్లాతో లాంచీ ఎక్కాలనుకునే కుటుంబాలు సోమశిల దారి పట్టాలా, సాగర్ దారి పట్టాలా తేల్చి చెప్పవలసిందిగా విన్నపం.

అయ్యా,

ఇలాంటి అర్జీలు మామూలుగా పర్యాటక మంత్రిగారి పేషీకో, పర్యాటకాభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టరుగారి బల్ల మీదికో పోతాయి. వాళ్లను కాదని తమకు రాయడం ధిక్కారం అనుకోవద్దు. లాంచీకి రంగు వేయించేది వాళ్లే, టికెట్టు ధర కట్టేది వాళ్లే, ప్రారంభోత్సవం నాడు పచ్చజెండా ఊపేదీ వాళ్లే. అయితే లాంచీ రేవు వదలాలంటే చివరి సంతకం మాత్రం తమరిది. తమరు పైకొస్తే ప్రయాణం, కిందికి దిగితే వాయిదా. అధికారం ఎవరి చేతిలో ఉందో చూసుకుని అక్కడే మొర పెట్టుకోవడం పాలమూరు, నల్లగొండ జిల్లాల జనానికి కరువు నేర్పిన పద్ధతి.

ముందుగా వ్యవహారం మనవి చేస్తాను. ఉమ్మడి జిల్లాలకు ఒక్కోదానికి ఒక్కో జలయాత్ర ఉంది. పాలమూరు వాటాకు కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి శ్రీశైలం, నల్లగొండ వాటాకు నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం. రెండూ కృష్ణమీదే, రెండూ నూరు కిలోమీటర్లకు పైబడినవే, రెండింటికీ పట్టేది ఇంచుమించు పగలంతా. 2024 నవంబర్‌లో ప్రకటించిన ధరలు కూడా రెండింటికీ ఒకటే: ఒకవైపు పెద్దలకు 2,000 రూపాయలు, పిల్లలకు 1,600, రానుపోను అయితే 3,000, 2,400. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఒకవైపే 7,200 అవుతుంది, తిరుగు ప్రయాణం కలిపితే 10,800. నడిపేది ఒకే సంస్థ, ధర ఒకటే, గమ్యం ఒకటే అయినప్పుడు ఇంటి యజమాని దేన్ని చూసి ఎంచుకోవాలి? ఏసీని, మెనూను, ఫొటోలను చూసి ఎంచుకోమంటారు ప్రకటనలు రాసేవాళ్లు. అసలు తేడా అంతా తమరిలోనే ఉందని నా వాదన. ఆ తేడా టికెట్టు కొనే మనిషికి ముందుగా తెలియడం లేదన్నది నా ఫిర్యాదు.

సముద్రం మీది ఓడలతో పోల్చి చూద్దాం. 2021లో ముంబై నుంచి మొదలైన కార్డీలియా ఓడ 1990లో కట్టినది, అంతకుముందు రాయల్ కరీబియన్ వాళ్ల కింద తిరిగినది. 2022లో విశాఖకూ వచ్చింది. మరుసటి ఏడు అక్కడ ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ కూడా వెలిసింది. అలాంటి ఓడల్లో ఒకదాన్ని ఎంచుకునే కుటుంబం గది ఏ అంతస్తులో ఉంది, పిల్లలు ఆడుకునే చోటు ఉందా, శాకాహారం దొరుకుతుందా, టికెట్టు మీద పోర్టు చార్జీలు ఎంత అని బేరీజు వేసుకుంటుంది. ఓడ ఏ తేదీన కదులుతుందన్నది నెలల ముందే అచ్చు వేసి ఉంటుంది. తుపాను వస్తే తప్ప ఆ తేదీ మారదు, ఎందుకంటే బంగాళాఖాతం నుంచి వరిచేలకు నీళ్లు తోడుకునేవాళ్లు లేరు. తమరి సంగతి అలా కాదు. తమరు ఒకేసారి చెరువు, కాలువ, కరెంటు, హైదరాబాద్ తాగునీరు. వీటన్నిటి తర్వాత మిగిలిన దానిలో లాంచీ తేలాలి. అందుకే సముద్రపు ఓడలను పోల్చే కొలతలు ఇక్కడ పనికిరావు. ఇక్కడ మొదటి కొలత మెత్తటి కుర్చీ కాదు, అడుగుల్లో రాసే అంకె.

ఆ అంకె రెండు జలాశయాల్లో ఒకేలా నడవదు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. పైనున్నది కాబట్టి జూరాల, తుంగభద్రల వరద ముందు శ్రీశైలానికి చేరుతుంది. అక్కడ గేట్లెత్తి వదిలింది, కరెంటు తీసి వదిలింది సాగర్‌కు వస్తుంది. నిండటంలో ముందున్న శ్రీశైలం, చాలా ఏళ్లలో తగ్గటంలోనూ ముందే ఉంటుంది. ఎడమ గట్టున 900 మెగావాట్ల భూగర్భ కేంద్రం, కుడి గట్టున 770 మెగావాట్ల కేంద్రం తిరుగుతుంటాయి. ఒకవైపు పోతిరెడ్డిపాడు కాలువ, మరోవైపు ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల లాగుతుంటాయి. 854 అడుగుల మట్టం దగ్గర ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఏళ్ల తరబడి వాదన సాగుతూనే ఉంది. సాగర్ సంగతి చూస్తే, ఈ రెండు రాష్ట్రాల తగాదాలో 2023 నవంబర్ 30న సగం గేట్ల మీద పోలీసులు మోహరించిన చరిత్ర ఆ ఆనకట్టది. ఇంత రాజకీయం మోస్తున్న నీటి మీద ఆదివారం పిక్నిక్ వేసుకుంటున్న సంగతి టికెట్టు కొనే మనిషికి చెప్పాలా, వద్దా?

ఇంకో ముక్క కూడా చెప్పరు. రెండు లాంచీలూ 'శ్రీశైలం' అనే రాసుకున్నా చేరేది ఒకే చోటుకు కాదు. సోమశిల లాంచీ ఆనకట్ట పైనున్న నీళ్లలో వస్తుంది. సాగర్ లాంచీ ఆనకట్ట కింద లింగాలగట్టు దగ్గర ఆగుతుంది. రెండింటి మధ్య 145 మీటర్ల ఎత్తున, 512 మీటర్ల పొడవున గోడ నిలబడి ఉంది. సోమశిల నుంచి శ్రీశైలానికి, అక్కణ్నుంచి అదే నీటి మీద సాగర్‌కు పోదామని లెక్క వేసుకున్న ఉత్సాహవంతులు ఆ గోడ దగ్గర ఆగిపోవలసిందే. ఒకవైపు టికెట్టు కొన్నవాళ్ల కష్టం మరొకటి. కారు సోమశిల రేవులో ఉంటుంది, కుటుంబం సాయంత్రానికి శ్రీశైలంలో ఉంటుంది. కారు దగ్గరికి రావాలంటే నల్లమల దాటి మన్ననూరు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ చుట్టి రావాలి. ఆ అడవి రోడ్డు మీద రాత్రి 9 నుంచి తెల్లవారి 6 దాకా బండ్లను పోనివ్వరు. కాబట్టి ఒకవైపు టికెట్టు చవక అనుకోవడం కాగితం మీది మాట. కారు మీద వచ్చే కుటుంబానికి రానుపోను టికెట్టు, ఒక రాత్రి బస కలిపి చూసుకుంటేనే నిజమైన ఖర్చు తేలుతుంది. బస్సు దిగి లాంచీ ఎక్కేవాళ్లకు మాత్రం ఒకవైపే లాభం. శ్రీశైలం నుంచి హైదరాబాద్ బస్సు ఎలాగూ ఉంటుంది.

చూడదగ్గవాటిలో ఏ దారీ తక్కువది కాదు. సాగర్ దారిలో నాగార్జునకొండ ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన ఇక్ష్వాకుల కాలపు అవశేషాలను ముంపు నుంచి తప్పించి ఆ కొండ మీదికి చేర్చారు. సోమశిల దారిలో వెడల్పాటి వెనుక జలాలు, అంకాళమ్మ కోట, ఆ పైన నల్లమల ఇరుకులు, అక్క మహాదేవి గుహల కొండలు. సోమశిల గుళ్లూ, జటప్రోలు గుళ్లూ శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు గట్టుకు తరలివచ్చినవే. ఆ జలాశయం కోసం ఇటు మహబూబ్‌నగర్, అటు కర్నూలు జిల్లాల్లో వంద దాకా ఊళ్లు నీళ్లపాలయ్యాయి. ఊళ్లిచ్చి తమరిని పైకెత్తిన జనం తమరెంత ఎత్తున ఉన్నారో తెలుసుకోగోరడం పెద్ద కోరికేమీ కాదు.

తమరు ఎక్కువైనా ప్రమాదమే, అందుకే నేను అడిగేది ఒక గీత కాదు, రెండు. తమరు తగ్గితే లాంచీ ఆగుతుంది, అది నష్టం మాత్రమే. తమరు పోటెత్తినప్పుడు లాంచీ ఆగకపోతే ప్రాణాలు పోతాయి. 2019 సెప్టెంబర్ 15న గోదావరి ఉధృతంగా ఉన్న రోజున కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అందులో 77 మంది ఉంటే 26 మందే బయటపడ్డారు. మన కృష్ణలోనే 2007 జనవరిలో సింగోటం జాతర జనంతో వస్తున్న పడవ మంచాలకట్ట దగ్గర బోల్తాపడి అరవై మంది దాకా పోయారు. మొదటిది వరదలో పర్యాటకం, రెండోది జాతర రద్దీలో రేవు దాటడం, కారణాలు వేరు. రెండింటిలోనూ 'ఈ రోజు వద్దు' అనే మాట అనవలసిన చోట అనేవాళ్లు లేకపోయారు. శ్రీశైలం గేట్లు ఎత్తిండ్రంటే చాలు, ఊళ్లకు ఊళ్లు ఆదివారం బండ్లు కట్టుకుని బయల్దేరుతాయి. లింగాలగట్టు వైపు లాంచీ పోకూడని రోజులు సరిగ్గా అవే. జనం రావాలని తహతహలాడే రోజునే ఆపగలగాలంటే సరంగు ధైర్యం ఒక్కటే చాలదు. ఫలానా ప్రవాహం దాటితే లాంచీ లేదని ముందే రాసిపెట్టిన అంకె అతని వెనక నిలబడాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు తెలియనివి కావు. 'పొలాలకు నీళ్లు ముందు, షికార్లు తర్వాత' అంటారు రైతులు. వందకు వంద పాళ్లు నిజం. లాంచీ కోసం ఒక్క తూము కూడా దించమని ఈ లేఖ అడగడం లేదు. నీళ్లు ఎవరికి ఇవ్వాలో కాదు, ఎంతున్నాయో చెప్పమని అడుగుతోంది. 'వానలు ఎవరి చేతిలో ఉన్నాయి, ముందే తేదీ ఎలా చెప్తాం' అంటారు అధికారులు. తేదీ చెప్పనక్కర్లేదు, షరతు చెబితే చాలు. ఏ జలాశయం ఎన్ని అడుగులకు పైన ఉంటే లాంచీ కదులుతుందో, ఎన్ని క్యూసెక్కుల వరద దాటితే ఆగుతుందో రెండు అంకెలు ప్రకటిస్తే, మిగతా లెక్క జనం వేసుకుంటారు. మట్టాల వివరాలు రోజూ పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. రైతు దాన్ని చూసే నారు పోస్తున్నాడు, షికారుకు పోయేవాడు మాత్రం చూసి అర్థం చేసుకోలేడా? 'ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా' అనేది మూడో మాట. సోలాపూర్ నుంచో, ముంబై నుంచో పండక్కి ఊరొచ్చే పాలమూరు కుటుంబం నెల ముందు రైలు టికెట్టు తీసుకుంటుంది. ముందు రోజు ఫోన్‌లో వచ్చే జవాబు వాళ్లకు అక్కరకు రాదు. 'ప్రైవేటు వాళ్లకిస్తే పోటీ వచ్చి అన్నీ సర్దుకుంటాయి' అనేది నాలుగోది. పోటీ వల్ల కుర్చీలు మెత్తబడవచ్చు. తమరు మాత్రం ఏ కంపెనీ కోసమూ ఒక్క అంగుళం పైకి రారు. పైగా పోటీ ఉన్నచోట వరద రోజున కూడా బోటు తీయాలనే తొందర పెరుగుతుంది; దాన్ని ఆపే గీత ముందు గీయాలి, లైసెన్సులు తర్వాత ఇవ్వాలి.

అందువల్ల తమరి నడతను బట్టి కుటుంబాలకు నా సలహా ఇది. శ్రీశైలం నిండి, వరద నెమ్మదించిన రోజుల్లో సోమశిల. శ్రీశైలం తగ్గుముఖం పట్టి సాగర్ ఇంకా నిండుగా ఉన్న చలికాలంలో సాగర్. రెండూ అడుగంటిన ఏడు రెండూ వద్దు. ఆ డబ్బుతో అలంపురమో, బుద్ధవనమో రోడ్డు మీద పోయి చూడండి, అవి ఏ మట్టానికీ జడిసేవి కావు. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఏ దారైనా సరే, రానుపోను ఆశ పెట్టుకోకుండా పగలంతా నీటి మీద కూర్చోగలరా అని ముందు ఇంట్లోనే తేల్చుకోండి. ఈ సలహా తమరి పాత అలవాట్లను చూసి ఇచ్చింది. అలవాటు తప్పే ఏళ్లు తమరికి లేకపోలేదు గనుక అంకెలు కావాలి.

కాబట్టి ప్రార్థించేదేమంటే: సోమశిల రేవులో, సాగర్ రేవులో, టికెట్టు అమ్మే ప్రతి చోటా ఒక బోర్డు పెట్టించాలి. నేటి మట్టం, లాంచీ కదిలే కనీస మట్టం, లాంచీ ఆగే వరద ప్రవాహం, ఎంతమంది ఎక్కితే బయల్దేరుతుంది, రద్దయితే డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగొస్తుంది అని అయిదు వరుసలు చాలు. దీనికి కొత్త పథకం, కొత్త కమిటీ అక్కర్లేదు; ఒక రేకు, ఒక డబ్బా పెయింటు, మొదటి వరుసను రోజూ తుడిచి రాసే ఒక మనిషి. ఆ బోర్డు ఉంటే ఏ లాంచీ ఎక్కాలో ఎవరినీ అడగక్కర్లేదు, తమకు ఇలాంటి లేఖలూ రావు.

ఇట్లు,
ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల టికెట్టుదారుల తరఫున,
విధేయుడు

ప్రతులు: 1. పర్యాటకాభివృద్ధి సంస్థకు, బోర్డు రాయించడానికి. 2. కృష్ణా నదీ యాజమాన్య బోర్డుకు, ఈ లేఖ నీటి వాటాల తగాదా కాదని తెలియజేస్తూ. 3. రెండు రేవుల్లోని సరంగులకు, వరద రోజున ఎవరైనా ఒత్తిడి చేస్తే చూపించడానికి.