జెండా ఊపాం, ఇక మీ తిప్పలు మీవి

మన దేశంలో రైలు కదలాలంటే ఇంజను ఒక్కటీ చాలదు, పచ్చజెండా కావాలి. జెండా పట్టుకునే చెయ్యి కావాలి. ఆ చేతికి అటూ ఇటూ, కెమెరాలో పడేంత దగ్గరగా, ఎంపీ, ఎమ్మెల్యే, మేయరు కావాలి. బండి ముక్కు కనపడకుండా బంతిపూలు చుట్టే కాంట్రాక్టరు కావాలి. ఇన్నీ అమరాక ప్రయాణికుడు కూడా ఉంటే మంచిదే. లేకపోయినా కార్యక్రమం ఆగదు, సీట్లలో కూర్చోబెట్టి చేతులూపించడానికి స్కూలు పిల్లలున్నారు.

2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ నుంచి వారణాసికి తొలి వందే భారత్ బయల్దేరినప్పటి నుంచీ ఇదే తంతు. బండి మంచిదే, కాదనను. శుభ్రంగా ఉంటుంది, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. నా గొడవంతా పక్క ప్లాట్‌ఫారం గురించి. అక్కడికి వివేక్ ఎక్స్‌ప్రెస్ వస్తుంది. డిబ్రూగఢ్‌లో మొదలై, విశాఖ, విజయవాడ మీదుగా కన్యాకుమారి చేరేసరికి సుమారు 4,200 కిలోమీటర్లు. దేశంలో ఇంతకన్నా దూరం పోయే రైలు లేదు. అందులో జనరల్ పెట్టె కిటికీ దగ్గర ఒక్క నిమిషం నిలబడి లోపలికి చూడండి. సామాన్లు పెట్టే బల్ల మీద ముగ్గురు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఉంటారు. రెండు కమ్మీల మధ్య దుప్పటి ముడేసి ఉయ్యాల కట్టుకుని అందులో ఒకడు నిద్రపోతుంటాడు. మరుగుదొడ్డి తలుపుకు వీపులు ఆనించి నలుగురు కూర్చుంటారు. లోపలికి ఒకడు వెళ్లాలంటే నలుగురూ లేవాలి, అంచేత ఎవరూ మంచినీళ్లు ఎక్కువ తాగరు. మూడు రాత్రులు ఇలాగే. అసోం నుంచి కేరళకు పనులకెళ్లే వాళ్లు వీళ్లలో చాలామంది. విశాల భారతాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు పూర్తిగా చూసేది వీళ్లే. టూరిజం శాఖ బ్రోచర్లలో మాత్రం వీళ్ల బొమ్మ ఎప్పుడూ కనపడలేదు.

ముందే రిజర్వు చేసుకోవచ్చు కదా అంటారు, సొంత కారున్నవాళ్లు. చేసుకోవచ్చు. 2024 నవంబరు 1కి ముందైతే 120 రోజుల ముందు నుంచి, ఇప్పుడు 60 రోజుల ముందు నుంచి. మేనమామ పోయే తేదీ ఇదివరకు నాలుగు నెలల ముందు తెలిసుండాల్సి వచ్చేది, ఇప్పుడు రెండు నెలల ముందు తెలిస్తే చాలు. ఆ మాత్రం కూడా కబురు చెయ్యకుండా పోయే మేనమామల కోసం తత్కాల్ పెట్టారు. స్లీపర్‌కు పొద్దున్న పదకొండింటికి తలుపు తెరుస్తారు. పేర్లూ వయసులూ ముందే నింపి, ఆధార్ తగిలించి, అది సున్నానా అక్షరమా అని క్యాప్చాతో తగవు పడి, ఓటీపీ కొట్టేసరికి తెర మీద చక్రం తిరగడం మొదలెడుతుంది. అది ఆగేసరికి వెయిటింగ్ లిస్టు. చార్టు వేశాక టికెట్టు దానంతటదే రద్దయిపోతుంది, డబ్బు వెనక్కొస్తుంది, కాకపోతే కొంత కోసుకుని. సీటు ఇవ్వనందుకు కూడా కూలి పుచ్చుకునే వ్యాపారం ప్రపంచంలో ఇంకెవరికైనా చేతనయితే చెప్పండి, దండ వేస్తాను.

ముసలివాళ్ల రాయితీ సంగతి రెండు ముక్కల్లో. 2020 మార్చిలో కరోనా వచ్చిందని తీసేశారు. కరోనా వెళ్లిపోయింది. రాయితీకి ఇంకా క్వారంటైన్ అయిపోలేదు.

రైలు దొరకనివాడికి ప్రైవేటు స్లీపర్ బస్సు ఉంది. సంక్రాంతికి దాని చార్జీ చూస్తే విమానమే సిగ్గుపడి తలొంచుకోవాలి. ఇలాంటి బస్సులు తిరిగేది హైదరాబాద్, బెంగళూరు మధ్య, నంబరు ప్లేటు మాత్రం నాగాలాండ్‌దో అరుణాచల్ ప్రదేశ్‌దో. ఆ బస్సు ఆ కొండల్ని ఫొటోలో కూడా చూసి ఉండదు. పన్ను ఎక్కడ తక్కువైతే అక్కడే దాని పుట్టిల్లు. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. తనిఖీలు చేశారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర ఇంకో బస్సు కాలిపోయింది. మళ్లీ తనిఖీలు చేశారు. తలుపు తెరుచుకోకపోతే అద్దం పగలగొట్టడానికి సుత్తి ఉందో లేదో చూసుకోవడం మన దేశంలో ఇంకా ప్రయాణికుడి సొంత పూచీయే.

సరే, నేల మీద ఇంతే, గాల్లోకి పోదాం. హవాయి చెప్పులేసుకున్నవాడు కూడా విమానమెక్కాలని ఉడాన్ పథకం పెట్టారు. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు. 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఢిల్లీకి మొదటి విమానం లేస్తే, అదే రోజు మన కడప, హైదరాబాద్ మధ్య కూడా జెండా ఊపారు. తర్వాతి కథ కాగ్ 2023లో చెప్పింది. మూడో విడత దాకా ఇచ్చిన మార్గాలు 774. అందులో 403 మార్గాల్లో విమానం లేవనే లేదు. లేచిన 371లో రాయితీ గడువు మూడేళ్లూ పూర్తి చేసినవి 112. గడువు తీరాక 2023 మార్చి నాటికి సొంత రెక్కలతో ఎగురుతున్నవి 54. సర్వీసు మొదలైన రోజున పచ్చజెండాతో వచ్చిన మంత్రిగారు, అది ఆగిన రోజున ఎర్రజెండా పట్టుకుని రావాలన్న నిబంధన ఒకటి పెడితే ఈ దేశంలో సగం ప్రారంభోత్సవాలు జరగవు.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని సామెత. రన్‌వే ఉన్నచోట విమానం నిలవలేదు కాబట్టి రన్‌వేతో పనిలేని విమానం తెచ్చారు. 2020 అక్టోబరు 31న కేవడియాలో పటేల్ విగ్రహం దగ్గర నీళ్ల మీద లేచి అహ్మదాబాద్‌లో సబర్మతి మీద దిగింది. మర్నెలలోనే రిపేరుకని వచ్చిన దారినే మాల్దీవులకు వెళ్లింది. 2021లో సర్వీసు ఆగిపోయింది. మన వంతు 2024 నవంబరు 9న వచ్చింది. విజయవాడ పున్నమి ఘాట్ నుంచి ముఖ్యమంత్రిగారు సీప్లేన్‌లో శ్రీశైలం వెళ్లి స్వామిని దర్శించుకుని వచ్చారు. భక్తులు మాత్రం నేటికీ దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డులో, రాత్రి అడవి గేటు పడకముందే దాటాలని బస్సు డ్రైవర్ని తొందరపెడుతూ వెళ్తున్నారు.

నదుల మీద కూడా ఉద్ధరించాం. 2023 జనవరిలో ఎంవీ గంగా విలాస్ వారణాసి నుంచి డిబ్రూగఢ్‌కు బయల్దేరింది. 51 రోజులు, 3,200 కిలోమీటర్లు, 27 నదులు, 32 మంది స్విట్జర్లాండ్ పర్యాటకులు. చేరింది ఏ ఊరో గమనించారా? డిబ్రూగఢ్. అక్కడ స్విస్ అతిథులు దిగేచోటే మన ఉయ్యాలవాడు రైలెక్కుతాడు.

ఇక దీవులు. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్న ఫొటోలు వచ్చాయి, మాల్దీవుల డిప్యూటీ మంత్రులు ఏదో కూశారు, మన దేశభక్తికి ఒక్కసారిగా సముద్రగాలి తగిలింది. లక్షద్వీప్ కోసం వెతుకులాట 3,400 శాతం పెరిగిందని ఒక బుకింగ్ సంస్థ చాటింది. వెతికినవాళ్లు తర్వాత గానీ తెలుసుకోలేదు, మొత్తం దీవుల నేలంతా కలిపి 32 చదరపు కిలోమీటర్లేనని, అగట్టి రన్‌వే మీద చిన్న విమానాలే దిగుతాయని, కొచ్చి నుంచి ఓడలో ఓ రాత్రి గడపాలని, అన్నిటికన్నా ముందు పర్మిట్ కావాలని. పర్మిట్ పెట్టడం నూటికి నూరుపాళ్లు సబబే. అంత చిన్న నేల మీదికి, అంత కొద్ది మంచినీళ్ల మీదికి, 3,400 శాతాన్ని తోలితే దీవి మునగడానికి సముద్రం పొంగక్కర్లేదు. నవ్వొచ్చేది తర్వాతి ఘట్టానికి. ఏడాదిన్నర తిరిగేసరికి, 2025 జూలైలో, ప్రధాని మాలే వెళ్లి వాళ్ల స్వాతంత్య్ర వేడుకల్లో ముఖ్య అతిథిగా కూర్చుని 4,850 కోట్ల రూపాయల రుణం ప్రకటించి వచ్చారు. మంచి పనే, ఇరుగుపొరుగు అన్నాక ఉండాలి. దేశం కోసం మాల్దీవుల హనీమూన్ టికెట్లు రద్దు చేసుకున్న కొత్త జంటలకు ఒక్క ముక్క ముందే చెప్పాల్సింది.

అండమాన్‌తో మనకు చుట్టరికం ఉంది. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు వేలల్లో ఉన్నారు, ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి తరతరాలుగా వెళ్లినవాళ్లు. వాళ్లకు విశాఖ రేవు నుంచి ప్రభుత్వ ఓడ ఉంది. ఉంది అంటే, దాదాపు నెలకోసారి, అదీ షెడ్యూలు కనికరిస్తే. ఎక్కాక రెండు రోజులు దాటి ప్రయాణం. పెళ్లికి పిలిస్తే ముహూర్తం ఓడని బట్టి పెట్టుకోవాలి. అదే విశాఖ రేవులో 96 కోట్లు పెట్టి అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కట్టి 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. రెండు వేల మంది విలాస యాత్రికులు ఒకేసారి దిగినా ఇబ్బంది లేదు. వాళ్ల ఓడలు ఎన్ని వచ్చాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఓడల సంఖ్య పెంచడం కష్టం గానీ పేర్లు మార్చడానికి డీజిల్ అక్కర్లేదు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఓడ వేగం మాత్రం మారలేదు. ఎక్కినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌కని టికెట్టు కొన్నవాడు దిగేసరికి వేరే ఊళ్లో దిగే ప్రమాదం ప్రపంచంలో ఈ ఒక్క మార్గంలోనే ఉంది.

ఇంకా కిందికి, గ్రేట్ నికోబార్ దాకా వెళ్తే అసలు ప్రేమ ఎవరి మీదో అర్థమవుతుంది. శ్రీ విజయపురం నుంచి క్యాంప్‌బెల్ బేకి ఓడలో రోజుకు పైనే పడుతుంది. హెలికాప్టర్‌లో సీటు దొరికితే పూర్వజన్మ సుకృతం. ఆ దీవిలోనే, తోలు తాబేళ్లు గుడ్లు పెట్టే గలాథియా బేలో, ఏటా కోటీ 42 లక్షల కంటైనర్ల దాకా దించి ఎక్కించే రేవు కడతారట. పక్కనే విమానాశ్రయం, టౌన్‌షిప్, కరెంటు ప్లాంటు, అన్నీ కలిపి తొలి అంచనా 72,000 కోట్లు. అడవి ఏమవుతుందని అక్కడి ఆదివాసీలు షోంపెన్‌ల తరఫున అడిగినవాళ్లకు ఇది దేశ భద్రత అని జవాబు. ఇనప పెట్టెలు ఏ రోజు ఎక్కాలో, ఏ గంటకు దిగాలో, ఏ క్రేను ఎత్తాలో అప్పుడే లెక్కలు కట్టేశారు. టెక్కలి నుంచి తాపీపనికి వెళ్లే మేస్త్రీ అలాంటి పెట్టె ఒకటి చూసుకుని అందులో కూర్చుంటే త్వరగా చేరతాడేమో, ఈసారి విశాఖ కౌంటర్లో అడిగి చూడమని చెప్పాలి.