బాడుగల దొరవారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ బాడుగల నియంత్రణాధికారి వారి దివ్యసముఖమునకు, హిందూపురమున ఒక మిద్దెకును, పెనుకొండలో వరుసగానున్న రెండు గదులకును, ధర్మవరమున పెద్దలనాటి యొక పాత ఇంటికిని యజమానుడనని లోకముచేత అనిపించుకొనుచున్న విశ్రాంతోపాధ్యాయు డొకడు సవినయముగా చేసికొను విజ్ఞాపనము.

అయ్యా,

కథలలోను చలనచిత్రములలోను ఇంటి యజమాని యనువాడు ఎట్లు చిత్రింపబడుచుండునో తమరికి తెలియనిది కాదు. నెల మొదటి దినమున తెల్లవారకమునుపే తలుపు తట్టి, కుళాయి విప్పిన చప్పుడు వినబడినంతనే కిటికీలోనుండి తొంగిచూచి, చుట్టములు వచ్చినచో వారి తలలు లెక్కపెట్టు ఆ మూర్తిని చూచి చప్పట్లు కొట్టినవారిలో నేనును ఒకడనే. కాని ఆ మూర్తికిని నావంటివానికిని గల సంబంధము, అడవిలోని పులికిని పీర్లపండుగనాటి పులివేషమునకును గల సంబంధమే. బాడుగదారుని చూచి నేను జంకెదనుగాని, నన్ను చూచి జంకిన బాడుగదారుని ఇంతవరకు చూడలేదు. తాతగారు కట్టినది యొకటి, అత్తవారిచ్చినది మరియొకటి, పదవీవిరమణనాడు చేతికివచ్చిన సొమ్ముతో నేను లేవనెత్తినది వేరొకటి; ఈ మూటిపై వచ్చునది నా పింఛనుకు చేదోడే తప్ప ఐశ్వర్యము కాదు. ఇండ్లు కట్టుట కష్టమని పెద్దలు పెండ్లితో జతచేసి చెప్పిరిగాని, కట్టిన ఇంటిని పరులచేతికిచ్చి, ఆ పరులను నొప్పింపక, ఇంటిని చెడనీయక నిలుపుకొనుట యెట్లో వారును చెప్పలేదు.

ఈ తగవు నేటిది కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున, పొమ్మన్నను పోక ఇంటిలో నిలిచినవానికిని, బాడుగ చెల్లించుచున్నవానిని వెడలగొట్టిన యజమానునికిని సమానముగా పండ్రెండు పణముల దండము విధించెను. దౌర్జన్యము, దొంగతనము మున్నగునవి చేసినవానిని వెడలగొట్టినచో మాత్రము యజమానునికి దోషము లేదనెను. తనంతట తానే లేచిపోవువాడు ఆ సంవత్సరపు మిగులు బాడుగ చెల్లింపవలెననెను. ఇరుపక్షములను ఒకే కంట చూచిన ఆ నాలుగు వాక్యముల తరువాత మనకు లభించిన శాసనములయందు పుటలు పెరిగినంతగా వెలుగు పెరిగినదని చెప్పజాలను.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము నెలబాడుగవానికి పదునైదు దినముల నోటీసు చాలుననియు, అతడు పోవునపుడు ఇంటిని తాను చేరిననాటి స్థితియందే, సహజముగా కలుగు అరుగుదల పోగా, అప్పగింపవలెననియు శాసించినది. 1960 నాటి మన రాష్ట్రపు బాడుగల నియంత్రణ శాసనము మున్సిపాలిటీలలో ప్రవేశించి, ఇల్లు ఖాళీయైన పదిదినములలోపల ఆ వార్తను అధికారికి ఎరిగింపవలెననెను. ప్రభుత్వోద్యోగికి ఆ ఇల్లు కావలసియున్నచో యజమానుని ఇష్టానిష్టములతో పనిలేకుండెను. ఆనాడు పంచాయతీయైన పెనుకొండ వైపు ఆ శాసనము తొంగియైనను చూడలేదు. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇండ్లకు అది వర్తింపదను మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టివేయగా, ఆ యేటి డిసెంబరులోనే ప్రభుత్వమువారు, కట్టిన పదేండ్లవరకు ప్రతి ఇంటికిని, నెలకు వెయ్యిరూపాయలు మించిన బాడుగగల ఇంటికి ఎల్లప్పుడును మినహాయింపు ఇచ్చిరి. పిదప ఆ హద్దు కొంత జరిగినను, బాడుగలు దానికంటె వేగముగా జరిగినందున, పేదవానికొరకు పుట్టిన శాసనపు నీడనుండి పేదవాని గదియే వెలుపలికి వచ్చిపడినది. 2017లో మరియొక శాసనము చేయబడినది; 2021 జూనులో కేంద్రమంత్రివర్గము ఒక నమూనా చట్టమును ఆమోదించి రాష్ట్రములకు పంపినది.

ఆ నమూనా చట్టమును నేను శ్రద్ధతో చదివితిని. అందొక అనుబంధమున్నది. గోడలకు సున్నము వేయించుట యజమానుని వంతట. కుళాయి వాషరు మార్చుట, మురుగుకాలువ శుభ్రము చేయించుట, స్విచ్చులు బాగుచేయించుట, పగిలిన కిటికీ అద్దములు వేయించుట బాడుగదారుని వంతట. ఇంత సూక్ష్మముగా వాషరువరకు దిగివచ్చిన శాసనకర్తకు నమస్కరించి, అతడు ఒక్కమారు మా హిందూపురమునకు వచ్చి నా మిద్దె నడవను చూడవలెనని కోరుచున్నాను.

హిందూపురము చింతపండు, బెల్లము, మిరపకాయల వ్యాపారమునకు పేరుపడిన ఊరని తమరెరుగుదురు. నా మిద్దెలో చేరిన పెద్దమనిషి సౌమ్యుడు, దైవభక్తుడు, అయిదవ తేదీ దాటనీయక బాడుగ చెల్లించువాడు. ఒక సంవత్సరము మార్కెట్టులో ధర పడిపోగా, ధర లేచువరకని, ఆయన చింతపండు బస్తాలను నడవలో నిలువుగా పేర్చుకొనెను. ధర లేచుటకు ఆలస్యమైనది. బస్తాలు లేచినపిదప చూడగా, మా మామగారు తాడిపత్రినుండి తెప్పించి పరపించిన నల్లబండల నునుపు పోయి, ఒక్కొక్క బస్తా అడుగున ఒక్కొక్క తెల్లని మచ్చ తేలియున్నది. ఇత్తడిబిందెను మెరయించు పులుపే సున్నపురాతిని తినివేయునని నాకును తెలియదు, ఆయనకును తెలియదు. ఇది సహజమైన అరుగుదలయా, అపచారమా? వంటింటి కుళాయిమూతికి కాయకట్టినట్లు పట్టిన తెల్లని ఉప్పు ఎవరి పాపము? నా పాపము కాదు, ఆయన పాపము కాదు. వేయి అడుగుల లోతునుండి వచ్చు బోరునీటి స్వభావమది. అనుబంధములో చింతపండు లేదు, ఉప్పునీరును లేదు.

పెనుకొండ సంగతి వేరు. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము విజయనగర ప్రభువులు ఈ కొండకిందికి వచ్చి కాపురముండి, తరువాత చంద్రగిరికి తరలిపోయిరి. వచ్చి పోవువారికి వసతి చూపుట ఆ ఊరికి క్రొత్తగాదు. అయినను నా రెండు గదుల ముందు వ్రేలాడు బాడుగబోర్డు ఎండకు వెలిసి అక్షరములు పోయినదాక అడిగినవాడు లేడు. 2019లో ఎర్రమంచి వద్ద కియావారి కార్ల కర్మాగారము ఉత్పత్తి ఆరంభించినది. ఏటికి మూడులక్షల కార్లు తయారు చేయగల శక్తితో మొదలైన ఆ కర్మాగారమును, దాని చుట్టును వెలసిన విడిభాగముల పరిశ్రమలను ఆశ్రయించి, తమిళము, హిందీ, ఒడియా మాటలాడు యువకులు ఊరినిండ నిండిరి. పత్రముపై సంతకము చేసినవాడొకడు, కాపురముండువారు ఎందరో వారికే తెలియదు. ఒకడు పగటి షిఫ్టుకు లేచునపుడు మరియొకడు రాత్రి షిఫ్టునుండి వచ్చి ఆ వేడిచాపపైననే శయనించును. చొక్కాకొక మేకు చొప్పున గోడనిండ మేకులు. అచ్చటనే కూతవేటు దూరముననున్న ఆ విజయనగర ప్రభువుల గగనమహలు గోడకు మేకు కొట్టబూనినచో పురావస్తుశాఖవారు ఊరకుందురా? నా గోడకు ఆ గౌరవము లేదు.

ఆ పిల్లలను నిందింపజాలను. కన్నవారికి దూరముగా వచ్చి, "అంకుల్, నమస్తే" అని పలుకరించి, పండుగనాడు మిఠాయి ఇచ్చిపోవువారు. వచ్చిన చిక్కంతయు వారు పోవునపుడే. గుత్తేదారు మరియొకచోట పని చూపిన రాత్రియే చెప్పుల అలమరపై తాళపుచెవి ఉంచి వెడలిపోవుదురు. మరుసటి నెలలో కరెంటుబిల్లు వచ్చును. మీటరు నా పేర నున్నది గనుక బాకీయు నా పేరనే నిలుచును. మూడేండ్లలోపల దావా వేయవచ్చునని న్యాయవాదిమిత్రుడు ధైర్యము చెప్పెను. ఎవరిపై వేయవలెనో మాత్రము చెప్పలేకపోయెను.

ఇక ధర్మవరము. తమరు వినతగినది ఇదియే.

ఆ ఇల్లు చవుడుమిద్దె: టేకుదూలములు, వాటిపై బండలు, ఆపైన మందముగా మన్ను, అన్నింటిపైన చవుడు. ఏటేట ముంగారువానలకు ముందు క్రొత్త చవుడు తెచ్చి పరచి, నీరు చల్లి దిమ్మిస చేయనిచో ఇల్లంతయు జల్లెడయగును. అందులో పట్టుచీరలు నేయు కుటుంబమొకటి నా తండ్రిగారి కాలమునుండి ఉన్నది. వారు వచ్చిన మొదటివారములోనే నడవలో బండలు పెరికి, నడుములోతు గుంట తవ్విరి. మగ్గపు గుంట లేనిదే నేతగాడు కాళ్లు క్రిందికి జారవిడిచి తొక్కుడుపలకలు తొక్కుటకు వీలులేదు. దూలములకు త్రాళ్లు బిగించి జకార్డు పెట్టె నిలిపిరి. తూట్లుపొడిచిన అట్టల హారము దానిపైనుండి వ్రేలాడుచు, ఒక్కొక్క తొక్కుడుకు ఒక్కొక్క అట్ట మలగుచు, అంచుపై హంసయో మామిడిపిందెయో మెల్లగా తేలివచ్చును. గోడ యందంతట పట్టునూలు దుమ్ము. ఏ శాసనము తిరుగవేసి చూచినను ఇది కట్టడమునకు చేసిన నష్టమే. నన్ను వకీలు పురికొల్పినచో వెడలగొట్టుటకు చాలిన కారణమే.

కాని, అయ్యా, ఆ గుంటయే నా ఇంటిని కాపాడినది. వానకాలమున గుంటలో తేమ ఊరినచో పడుగు సడలును, పని నిలిచిపోవును. కప్పు ఒక్కచోట కారినచో వేలరూపాయల జరీయంచు మచ్చపడును. అందుచేత ముంగారు రాకమునుపే తండ్రీకొడుకులు గంపలతో చవుడు మోసి, మిద్దెయెక్కి, నాకు కబురైనను పంపక దిమ్మిస చేసి దిగుదురు. నేను పోయి చూచినపుడు ఖర్చెంతయైనదని అడిగినచో, "దానికేముంది అయ్యవారూ, కారితే నష్టం మీకన్నా మాకే కదా" అందురు. చీర అమ్ముడుపోనినెల బాడుగ ఆలస్యమగును. ఆ సంగతి వారే ముందుగా వచ్చి చెప్పుదురు. ఒకమారు నేను, వకీలు నేర్పిన పాఠము చొప్పున, ఇల్లు విడుచునపుడు గుంట పూడ్చి బండలు పరచవలెనని పత్రములో వ్రాయుదుమా యని అడిగితిని. పెద్దాయన నవ్వి, "గుంత పూడ్చేదెంతసేపు, నాలుగు గంపల మన్ను! అయినా మేము పోతామని ఎవురు చెప్పినారు మీకు?" అనెను.

కావున నేను చేరిన అభిప్రాయమిది: ఇంటికి జరిగినది నష్టమా, వాడుకయా అని తీర్చవలసినది కాగితముపైనున్న అనుబంధము కాదు; ఆ ఇంటిని, ఆ వృత్తిని చూచిన కన్ను. ఆ కన్ను లేదు గనుకనే మేము అడ్వాన్సును ఆశ్రయించితిమి. బెంగుళూరు గాలి సోకి మా ఊళ్లలోను అయిదునెలలు, పదినెలలు బాడుగ ముందుగా పుచ్చుకొను ఆచారము పాదుకొన్నది. నమూనా చట్టము నివాసగృహమునకు రెండునెలలకు మించరాదన్నది. యజమానులు దీనికి గగ్గోలు పెట్టిరిగాని, నేను పెట్టను. ఆ పెద్దమొత్తము ఎందులకు? ఇల్లు ఎట్లుండెనో రేపు నిరూపించుకొనలేము గనుక, నేడే చేతిలో నుంచుకొనుచున్నాము. పోవునాడు రంగుల పేరిట, మేకుల పేరిట, పూర్వమే పగిలియున్న బేసిను పేరిట ఆ మొత్తమును కొరికి మిగిలినది చేతబెట్టు యజమానులును మాలో లేకపోలేదు. వారిని సమర్థించుటకు ఈ లేఖ వ్రాయలేదు. చేరిననాటి స్థితికి సాక్ష్యము ఉన్నచో వారి ఆటయు సాగదు, రాత్రికి రాత్రి వెడలిపోవువాని ఆటయు సాగదు. అడ్వాన్సు రెండునెలలైనను, ఒక నెలయైనను చాలును.

ప్రభువులు మమ్ము బొత్తిగా మరచిరనుట కృతఘ్నత యగును. ఆదాయపుపన్నువారు బాడుగలో నూటికి ముప్పదివంతులు, లెక్క అడుగకయే, తీసివేసికొనుటకు అనుమతించుచున్నారు. ఇంటికి మరమ్మతులుండునని నమ్మిన సర్కారుశాఖ ఇదియొక్కటే. పురపాలకులు మాత్రము 2021నుండి పన్నును బాడుగవిలువపై గాక ఆస్తి మూలధనవిలువపై విధించుచున్నారు. ఇంటిలో దీపము వెలిగినను, బాడుగబోర్డు వ్రేలాడినను వారికి ఒకటే.

కాబట్టి తమరిని వేడుకొనునది మిక్కిలి స్వల్పము. తాళపుచెవి చేతులు మారుదినమున ఇరుపక్షములును ఇల్లంతయు కలయదిరిగి, బండలెట్లున్నవో, కుళాయిలెట్లున్నవో, గోడలో మేకులెన్నో, మీటరు అంకె యెంతయో, గుంట తవ్వుటకు సమ్మతి యున్నదో లేదో వ్రాసి సంతకములు చేయుటకు ఒక పుటమించని స్థితిపత్రమును తమ కార్యాలయమువారు ముద్రించి ఇప్పించవలెను. చేతిఫోనులో తీసిన చిత్రములను దానికి జతచేయనీయవలెను. పోవునాడు ఆ పత్రమునే ఎదుట పెట్టుకొని లెక్క తేల్చవలెను. తేలనిదానిని, వాయిదాలు లేక, ఆ ఇంటి గడపలోననే తమరు విని తీర్పు చెప్పవలెను. ఇది అసాధ్యమని తమ గుమాస్తా అనవచ్చును. 1800నుండి 1807వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగానున్న థామస్ మన్రో ఈ పల్లెలవెంట గుడారములతో తిరుగుచు రైతుల మొర వినినవాడు; తమరికి రహదారి యున్నది, రైలున్నది, జీపున్నది. హిందూపురమున ఒక పూట, పెనుకొండలో ఒక పూట, ధర్మవరమున ఒక పూట, నెలకొకమారు శిబిరము పెట్టినచో చాలును.

రుసుము ఎంత విధించినను సగము నేను భరించుటకు సమ్మతించుచున్నాను. హిందూపురము వర్తకుడు సమ్మతించెను. ధర్మవరము పెద్దాయన "చూసి పొమ్మనండి దొరని" అనెను. పెనుకొండ పిల్లలను అడుగబోతినిగాని, వారు షిఫ్టునకు పోయియుండిరి. వారి సమ్మతిని వేరుగా పంపుకొందును.

శిబిరము తేదీని వెంటనే ప్రకటింప ప్రార్థించుచు,

తమ విధేయుడు,
మూడూళ్ల బాడుగయిండ్ల యజమానుడు