పుల్ల పోయె, ఓపికా పోయె

మా రోజుల్లో పళ్ళు తోముకోవడం కూడా ఒక పనే. తెల్లవారేసరికి మా కోట ఊళ్ళో మగవాళ్ళు వేపపుల్లో కానుగపుల్లో నోట్లో పెట్టుకుని స్వర్ణముఖి ఏటి దిక్కుగా నడిచేవాళ్ళు. కొస కుచ్చు అయ్యేదాకా నమిలి, నారుమళ్ళ గురించీ వానల గురించీ మాట్లాడుకుంటూ ఒక్కో పన్నూ రుద్దుకునేవాళ్ళు. చివర్లో పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకుంటే గానీ ఆ పని అయినట్టు కాదు. ఇంట్లో ఆడవాళ్ళు కచ్చిక బూడిద అరచేతిలో వేసుకుని పళ్ళతో పాటు చిగుళ్ళూ వేలితో రుద్దేవాళ్ళు. పాచిమొహంతో కాఫీ అడిగితే మా జేజి గ్లాసు ముట్టనిచ్చేది కాదు.

ఇప్పటి పిలకాయలు ఒక చేత్తో ఫోను చూస్తూ, రెండో చేత్తో బ్రష్‌ను అటూ ఇటూ ఆడించి, నురగ ఊసేసి అయిపోయిందంటారు. అంగట్లో వేప పేస్టు, ఉప్పు పేస్టు, బొగ్గు పేస్టు. పొయ్యిలోంచి ఊరికే తీసుకున్న బొగ్గును ఇప్పుడు ట్యూబులో పెట్టి అమ్ముతున్నారు. ఏ పేస్టుతోనైనా నోరు ఘుమఘుమలాడవచ్చు. పంటిని పట్టుకున్న పాచి మాత్రం రుద్దితేనే వదులుతుంది.

మనుషుల నోళ్ళలో 700 రకాల దాకా బ్యాక్టీరియా ఉన్నట్టు శాస్త్రజ్ఞులు గుర్తించారు. అన్నీ చెడ్డవి కావు. కానీ తోముకున్న కొన్ని గంటలకే అవి పంటి మీద మళ్ళీ పొర కట్టడం మొదలుపెడతాయి. ఆ పొరను వదిలేస్తే ఎంగిల్లోని కాల్షియం చేరి గారగా గట్టిపడుతుంది. గార బ్రష్‌కు లొంగదు. దాన్ని ఆసరా చేసుకుని బ్యాక్టీరియా చిగురు కిందికి దిగుతాయి. అక్కడ గాలి సోకదు. మా తీరంలో రొయ్యల గుంటలు వేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు: గుంట అడుగున గాలి అందని నల్లబురదలో ఎలాంటి జీవులు పెరిగి కుళ్ళిన గుడ్డు కంపు పుట్టిస్తాయో, చిగురు సందులో చేరేవీ అలాంటివే. వాటిలో పేరుమోసినది పార్ఫిరోమోనాస్ జింజివాలిస్. బతకడానికి దానికి నెత్తురులోని ఇనుము కావాలి. అంటే నెత్తురు కారే చిగురే దానికి మేత. దాన్ని తరమడానికి ఒళ్ళు చేసే పోరాటంలో పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. చాలామందికి నొప్పి కూడా తెలియదు. మేం పయోరియా అనేవాళ్ళమే, అదే ఈ జబ్బు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. తోముతుంటే నెత్తురు కనబడగానే ఆ పక్క తోమడం మానేస్తారు. సరిగ్గా తోమవలసిన చోటు అదే కదా! లేకపోతే మెడికల్ షాపులో రెండు మాత్రలు కొని మింగుతారు. వాపు తగ్గినట్టుంటుంది, గార గారలాగే ఉంటుంది. క్లీనింగ్ చేయించుకోమంటే పళ్ళు కదిలిపోతాయని భయం. పళ్ళు కదిలించేది క్లీనింగ్ కాదయ్యా, కింద కరిగిన ఎముక.

డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే డాక్టరు 1965లో ఒక పరీక్ష ప్రకటించాడు. ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్ళు తోమడం మాన్పించాడు. మూడు వారాలు తిరక్కముందే అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలెట్టగానే తగ్గాయి.

"మా తాతకు చివరిదాకా పళ్ళు ఊడలేదు, ఆయన ఏ డాక్టరు దగ్గరికి పోయాడు?" అని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళకూ ఆ డాక్టరే జవాబు చెప్పాడు. బ్రష్షూ వైద్యమూ ఎరగని శ్రీలంక తేయాకు తోటల కూలీలు 480 మందిని 1970 నుంచి పదిహేనేళ్ళు గమనించాడు. నూటికి 11 మందికి జబ్బు చిగుళ్ళ వాపు దాటి పోలేదు, 81 మందికి మెల్లగా ముదిరింది, 8 మందికి వేగంగా ముదిరింది. మీ తాత ఆ పదకొండులో ఒకడు కావచ్చు. మీరు ఎందులో ఉన్నారో మీకెవరు చెప్పారు? పొగతాగేవాళ్ళకూ షుగరు ఉన్నవాళ్ళకూ ముప్పు మరీ ఎక్కువ. పొగ నెత్తురు కారడాన్ని అణిచి జబ్బును దాచిపెడుతుంది కూడా. చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగరును అదుపులో పెట్టడం కష్టమవుతుంది.

మా రోజుల్లో కొందరు రుద్దుకున్న ఇటికపొడి పళ్ళ పైపొరను అరగదీసింది, నిజమే. పుల్ల పళ్ళ లోపలి పక్కకు సరిగా అందదు. బ్రష్ అందుతుంది. మంచి పనిముట్టు చేతికొచ్చాక పని మానేశారే అని నా బాధ.

పూటకు రెండు నిమిషాలు, పొద్దునా రాత్రీ, మెత్తటి బ్రష్‌తో చిగురూ పన్నూ కలిసేచోట తోమండి. నెత్తురు కనబడితే అప్పుడే పళ్ళ డాక్టరుకు చూపించండి. గూడూరు దగ్గరే, నెల్లూరులో డెంటల్ కాలేజీయే ఉంది. ఆలస్యం చేయకండి. వాచిన చిగురు తగ్గుతుంది గానీ, కరిగిన ఎముక తనంతట తాను తిరిగి పెరగదు.