ఏటవతలి గడప: సటీకా తాత్పర్యం

అవతారిక

మెతుకుసీమ కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ రెండు నియమాలు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయను; అక్కర్లేనిది చెప్పను. ఈ టీకాకారుడికి మొదటి నియమం శిరోధార్యం. రెండోది పాటిస్తే పత్రికలో పేజీ నిండదు.

ప్రస్తుత పద్యాన్ని రాసిన కవి తన పేరు చెప్పుకోలేదు. కథాకాలం మాత్రం స్పష్టం. నవంబరులో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం నాడు అమెరికా అధ్యక్ష ఎన్నిక జరగాలని 1845 నాటి చట్టం. ఆ మంగళవారానికి ముందు శనివారం పొద్దున్నే, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కథ మొదలవుతుంది. నాయకులు నలుగురు. వారిది ఏ పార్టీ అన్నది మూలంలో లేదు కనుక టీకాలోనూ లేదు.

మూలం

ఆ.వె.
మిత్రులంత కారు మీఁద నేఱును దాఁటి
పొరుగు గడపలెక్కి బుద్ధితోడఁ
దలుపు తట్టి చూడఁ దలుపు తీయకయున్నఁ
గుక్క పలుకు వినుచు గుఱుతులిడిరి

ప్రతిపదార్థం

మిత్రులు + అంత = స్నేహితులందరూ. అందరూ అనగా నలుగురు. వాట్సాప్ గ్రూపులో "తప్పకుండా వస్తాం" అని బొటనవేలి బొమ్మ పెట్టిన తక్కినవారిని కవిసమయంగా గ్రహించాలి. వారు వెన్నెల తాగే చకోరాల కోవలోని వారు. ఉన్నారని చెప్పుకోవడమే గాని చూసినవారు లేరు. వచ్చిన నలుగురిలో అధికారభేదం ఉంది. బావగారికీ వదినకూ పౌరసత్వం ఉంది, ఓటు ఉంది. మూడో ఆయనది గ్రీన్ కార్డు. ఆయన ప్రచారానికి చందా ఇవ్వవచ్చు, కాళ్ళూ అరగదీయవచ్చు, ఓటు మాత్రం వేయరాదు. నాలుగో కుర్రాడిది హెచ్-1బి. అతడు చందా ఇస్తే ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. పైసా పుచ్చుకోకుండా ఒళ్ళు వంచితే అభ్యంతరం లేదు. రోజంతా అందరికన్నా ఎక్కువ తలుపులు తట్టేది ఇతడే.

కారు మీఁదన్ = కారులో. లోపల కూర్చున్నవారిని "మీద" అనడం తెలుగువారి సంప్రదాయం. వెనక సీటులో వదిన కట్టిన పులిహోర, దాని పక్కన కరపత్రాల కట్ట.

ఏఱును = డెలావేర్ నదిని. న్యూజెర్సీకి, పెన్సిల్వేనియాకి ఇదే హద్దు.

దాఁటి = వంతెన మీదుగా అవతలికి పోయి. అమెరికా చరిత్రలో ఈ నదిని దాటిన ఘట్టం ఒకటి ప్రసిద్ధం. 1776 డిసెంబరు 25 రాత్రి జార్జి వాషింగ్టన్ మంచుగడ్డల నడుమ పడవల్లో సైన్యాన్ని పెన్సిల్వేనియా ఒడ్డు నుంచి న్యూజెర్సీ ఒడ్డుకు దాటించాడు. మన నాయకులు పట్టపగలు, అటు నుంచి ఇటు కాక ఇటు నుంచి అటు దాటుతున్నారు. వాషింగ్టన్‌కు టోలు పడలేదు, వీరికి పడింది. ట్రెంటన్ దగ్గర వంతెన మీద పెన్సిల్వేనియా వైపు పోయేవారికే టోలు, తిరిగి రావడం ఉచితం. న్యూజెర్సీని విడిచిపెట్టడానికి డబ్బు కట్టాలని తెలిసి వదిన ఏదో అన్నారు. అది మూలంలో లేదు.

పొరుగు = పరరాష్ట్రపు. సొంత రాష్ట్రం వదిలి పొరుగుకు ఎందుకు? కారణం ఎన్నిక పద్ధతిలో ఉంది. అధ్యక్షుడిని ఎన్నుకునేది 538 మంది ఎలక్టర్లు. గెలవడానికి 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప తక్కిన 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే ఆ రాష్ట్రపు ఎలక్టర్లంతా దక్కుతారు. న్యూజెర్సీకి 14 మంది. 1992 నుంచి అది ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ ఒకే పార్టీని గెలిపించింది కనుక అక్కడ ఎవరూ ఎవరినీ బతిమాలరు. పెన్సిల్వేనియాకు 19 మంది. 2016లో ఒకరిని, 2020లో మరొకరిని, 2024లో మళ్ళీ మొదటివారిని గెలిపించింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు; అడిగినా ఫలం లేనిచోట అడగడమెందుకని మిత్రులు ఏరు దాటారు.

గడపలు + ఎక్కి = ఇళ్ళ మెట్లెక్కి. ఆ గడపలు బక్స్ కౌంటీలోని లెవిట్‌టౌన్‌వి. 1950లలో ఒకే కంపెనీ ఒకే పోలికతో వరసగా కట్టేసిన 17,311 ఇళ్ళ ఊరు. మొదట్లో తెల్లవారికి తప్ప అమ్మలేదు. 1957లో తొలి నల్లజాతి కుటుంబం కాపురానికి వస్తే ఇంటి ముందు గుంపులు చేరి రాళ్ళు విసిరారు. ఆ వీధుల్లో ఇవాళ గుంటూరు యాసలో ఇంగ్లీషు మాట్లాడుతూ ఓటు అడగడానికి నలుగురు నడుస్తున్నారని పాఠకుడు మనసులో పెట్టుకోవాలి.

బుద్ధితోడన్ = వినయంతో. ఇది శిక్షణలో నేర్పే వినయం. గంట నొక్కి రెండడుగులు వెనక్కి జరగాలి. గడ్డి మీద అడుగు వేయకూడదు. కరపత్రం తలుపు సందున దూర్చాలే తప్ప తపాలా పెట్టెలో వేయరాదు. తపాలా బిళ్ళ లేని కాగితం అందులో పెట్టడం ఫెడరల్ నేరం. అనుమతి కాగితం ఏదీ అని ఊరి అధికారి అడిగితే భయపడనక్కరలేదు. ఒహాయోలోని స్ట్రాటన్ గ్రామం ఇల్లిల్లూ తిరిగేవారికి పర్మిట్ ఉండాలంటే, యెహోవాసాక్షులు సుప్రీంకోర్టుకు వెళ్ళి 2002లో గెలిచారు. ఆ తీర్పు పుణ్యాన రాజకీయ భక్తులకూ దారి సుగమమైంది.

తలుపు తట్టి చూడన్ = తలుపు కొట్టి చూడగా. ఇక్కడ చూసేదెవరు? మిత్రులని పూర్వులు. గంటలో అమర్చిన కెమెరా అని నవ్యులు. నవ్యుల మతమే గ్రాహ్యం. ఇంటాయన తన ఆఫీసులో కూర్చుని ఫోన్లో వీరిని చూస్తున్నాడు. వీరికి మాత్రం ఆయన కనబడడు.

తలుపు తీయక + ఉన్నన్ = తలుపు తెరవకపోగా.

కుక్క పలుకు = శునకభాషణమును. "పలుకు" అన్న మాట గౌరవసూచకం. ఆ వీధిలో వీరితో పలికినది అదొక్కటే కనుక కవి "అరుపు" అనలేదు.

వినుచున్ = ఆలకిస్తూ. ఏకాగ్రతతో వినాలి. కంచె తలుపు గడియ పడి ఉందో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది.

గుఱుతులు + ఇడిరి = గుర్తులు పెట్టారు. మన దేశంలో గుర్తు అంటే సైకిలు, ఫ్యాను, చెయ్యి, కారు, కమలం. ఇక్కడి గుర్తు అది కాదు. ప్రచారదళం వారు ఊరిని ముక్కలు చేసి ఒక్కో జట్టుకు ఒక ముక్క ఇస్తారు. దాన్ని టర్ఫ్ అంటారు. ప్రతి ఇంటి ముందూ ఫోన్ యాప్‌లో ఒక గుర్తు పెట్టాలి: ఇంట్లో లేరు, మాట్లాడనన్నారు, ఇల్లు మారారు, కాలం చేశారు. మాట్లాడినవారికి 1 నుంచి 5 దాకా అంకె. గట్టిగా మనవాళ్ళయితే 1, గట్టిగా అవతలివాళ్ళయితే 5. కాఫీ ఇచ్చి, గంటసేపు తన మోకాళ్ళ నొప్పి చెప్పుకుని, ఓటు సంగతి తేల్చకుండా పంపిన ముసలమ్మ 3.

తాత్పర్యం

స్నేహితులు నలుగురు నది దాటి, తమది కాని రాష్ట్రంలో, తమకు తెలియని ఇళ్ళ తలుపులు మర్యాదగా తట్టగా, తలుపులు తెరుచుకోలేదు. అయినా కుక్కల మాట వింటూ "ఇంట్లో లేరు" అని నమోదు చేసి పక్క ఇంటికి వెళ్ళారు.

ఛందోవిశేషాలు

"తలుపు" అన్న మాట రెండుసార్లు వచ్చి తాత్పర్యభేదం కలిగి ఉంది కనుక లాటానుప్రాస. మొదటి తలుపు కొట్టడానికి ఉన్నది, రెండోది తెరవకుండా ఉండటానికి.

లెవిట్‌టౌన్‌కు పద్యలక్షణం ఉంది. ఒక్కో పేటలో వీధుల పేర్లన్నీ ఆ పేట పేరు మొదలయ్యే అక్షరంతోనే మొదలవుతాయి. ఇది వడి నియమం. వినడానికి ఇంపు, నడిచేవారికి నరకం. ఒకే అక్షరంతో మొదలైన రెండు వీధుల పేర్లు తారుమారై, గ్రీన్ కార్డు ఆయన అరగంట సేపు పక్క జట్టువారి టర్ఫ్‌లో ధర్మప్రచారం చేశారు.

మూడో పాదంలో "తలుపు తీసియున్న" అని కొన్ని ప్రతుల్లో కనిపిస్తుంది. అలా చదివితే అయిదో గణం జగణమవుతుంది. ఆటవెలదిలో అక్కడ ఇంద్రగణం ఉండాలి కనుక గణభంగం. తలుపు తెరిచి ఉండటం ఛందస్సుకే ఇష్టం లేదన్నమాట. ఆ పాఠం త్యాజ్యం.

పూర్వపక్షం

ఇంత శ్రమ వ్యర్థమని పూర్వపక్షి వాదం. అతని చేతిలో దృష్టాంతాలు గట్టివే ఉన్నాయి. 2004 జనవరిలో హొవార్డ్ డీన్ కోసం దాదాపు 3,500 మంది పరరాష్ట్రీయులు నారింజరంగు ఉన్నిటోపీలు పెట్టుకుని అయోవా చలిలో ఇల్లిల్లూ తిరిగారు. డీన్‌కు మూడో స్థానం వచ్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక తన పాఠకుల చేత ఒహాయోలోని క్లార్క్ కౌంటీ ఓటర్లకు ఉత్తరాలు రాయించింది. మా ఇంటి వ్యవహారంలో మీ పెత్తనమేమిటని ఆ కౌంటీ వారు మండిపడ్డారు. ఉత్తరాలు ఎవరిని ఓడించమన్నాయో ఆ బుష్‌కే అక్కడ ఆధిక్యం వచ్చింది. పైగా కల్లా, బ్రూక్‌మన్ అనే పరిశోధకులు ఎన్నో ప్రయోగాలను కలిపి లెక్కగట్టి, సార్వత్రిక ఎన్నికలో ఇలాంటి ప్రచారం వల్ల ఓటరు అభ్యర్థిని మార్చుకోవడం సగటున సున్నా అని 2018లో తేల్చారు.

మన ఎన్నికల సంఘానికీ బయటివారంటే అనుమానమే. పోలింగ్ ముగిసే వేళకు 48 గంటల ముందు ప్రచారం ఆగాలి. ఆ నియోజకవర్గంలో ఓటు లేని పార్టీవారు ఊరు విడిచిపోవాలి. 2024 మే 13న తెలుగు రాష్ట్రాల పోలింగ్‌కు అమెరికా నుంచి దిగిన మన ఎన్నారైలకూ ఈ నియమమే. అమెరికాలో పద్ధతి తలకిందులు. మనవాళ్ళు బయటివారిని పంపేసే ఆఖరి రోజుల్లోనే అక్కడ బయటివారు దిగుతారు.

సిద్ధాంతం

దీనికి సమాధానం. తలుపు తట్టేది మనసు మార్చడానికి కాదు, మంచం మీంచి లేపడానికి. 1998లో యేల్ విశ్వవిద్యాలయపు గెర్బర్, గ్రీన్ అనే ఆచార్యులు న్యూ హేవెన్‌లో దాదాపు 30,000 మంది ఓటర్ల మీద పరీక్ష చేశారు. మనిషి ఇంటికొచ్చి అడిగినచోట పోలింగ్ గణనీయంగా పెరిగింది; ఫోన్ చేసి అడిగినచోట పెరగలేదు. కాబట్టి వాదించి గెలవాలని వచ్చినవాడు 5ల చుట్టూ తిరుగుతాడు. తెలిసినవాడు బద్ధకించిన 1ల కోసం వెతుకుతాడు. శనివారమంతా ఒక 5తో విదేశాంగ విధానం చర్చించి వచ్చిన బావగారు మొదటి కోవకు చెందుతారు.

ఇక లెక్క. 2016లో పెన్సిల్వేనియా తేడా 44,292 ఓట్లు. ఆ రాష్ట్రంలో పోలింగ్ కేంద్రాలు తొమ్మిది వేలకు పైనే. పంచితే కేంద్రానికి అయిదు ఓట్లు కూడా రావు. 2024లో బక్స్ కౌంటీలో తేడా 300 లోపు. ఓడినవారి తరఫునా గెలిచినవారి తరఫునా తలుపులు తట్టినవారున్నారు. ఏ ఓటు ఎవరి తట్టుడు వల్ల పడిందో చెప్పగల శాస్త్రం లేదు.

బయటివాడు వెళ్ళడమే తప్పన్న వాదానికి ఒక్క సంవత్సరం చాలు. అక్కడ టీకాకారుడు హాస్యం పక్కన పెడుతున్నాడు. 1964 వేసవిలో దాదాపు వెయ్యి మంది, చాలావరకు ఉత్తరాది విద్యార్థులు, మిసిసిపీ వెళ్ళి నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించడానికి ఇల్లిల్లూ తిరిగారు. జూన్‌లోనే స్థానికుడు జేమ్స్ చేనీని, న్యూయార్క్ నుంచి వచ్చిన ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్‌లను చంపేశారు. ఆ వేసవిలో 17,000 మంది దరఖాస్తు చేస్తే అంగీకరించినవి 1,600. మరుసటి ఏడాది ఓటుహక్కు చట్టం వచ్చింది. వారికి దారి చూపినవారు, అన్నం పెట్టి ఇంట్లో దాచినవారు స్థానికులే. స్థానికుడు పిలిచి చోటిచ్చినప్పుడు బయటివాడు బలం. పిలవని చోట నారింజ టోపీ.

నిగూఢార్థం

"పొరుగు" శబ్దానికి పరరాష్ట్రం అని ఇంతవరకు అర్థం చెప్పాం. అది గౌణం. ముఖ్యార్థం పక్కిల్లు. ఈ పద్యం నిజానికి ఏరు దాటని కథ కావలసింది.

న్యూజెర్సీ గవర్నరునూ శాసనసభనూ ఎన్నుకునేది బేసి సంవత్సరాల్లో. అప్పుడు పోలింగ్ బాగా పడిపోతుంది. ఆ ఏళ్ళలో ఈ కారు పార్కింగ్‌లోనే ఉంటుంది. పిల్లలు చదివే బడిని నడిపే స్కూల్ బోర్డుకు ఎవరు పోటీ చేశారంటే బావగారు వదిన వైపు చూస్తారు, వదిన పులిహోర వైపు చూస్తారు. ఒకే పేటవారు వచ్చి అడిగితే దూరపువారు అడిగినదానికంటే ఎక్కువ ఫలమని లాస్ ఏంజెలెస్‌లో పరిశోధకులు తేల్చారు. అయినా మనవాళ్ళు దూరమే పోతారు. ఎందుకు? కారణం ఎన్నిక పద్ధతి ఒక్కటే కాదు, మొహమాటం కూడా. లెవిట్‌టౌన్‌లో ముఖాన తలుపు వేసినవాడు మళ్ళీ జన్మలో కనబడడు. ఎదురింటాయన రేపు లిఫ్టులో కనబడతాడు, ఎల్లుండి సత్యనారాయణ వ్రతానికి వస్తాడు. పరాయివాడి దగ్గర పోయేది శనివారం. తెలిసినవాడి దగ్గర పోయేది మర్యాద. అందుకే ఏరు దాటడం తేలిక, నడవ దాటడం కష్టం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని శనివారం ప్రాతఃకాలాన పఠించి ఏరు దాటినవారికి మెట్లు తక్కువ ఉన్న టర్ఫ్ లభించును. కుక్కలు గొలుసు పరిధిలో ఉండును. కాఫీ దుకాణపు మరుగుదొడ్డి తాళం వేయకుండును. సాయంత్రానికి పులిహోర మిగులును. అభ్యర్థి గెలిచినచో తమ వల్లనే గెలిచెనని చెప్పుకొను అవకాశమును, ఓడినచో తమ టర్ఫ్ బాగానే జరిగెనను ఊరటయు కలుగును.

బేసి సంవత్సరంలో, టోలు కట్టకుండా, తన నడవలోనే పది తలుపులు తట్టినవారికి ఏ ఫలం కలుగునో చెప్పలేదు. అంతటి సాహసికుడు పుట్టునని ఫలశ్రుతి రాసినవారు ఊహించినట్టు లేదు.