బేతాళుడు సీసా ఎక్కాడు

తెలుగువాళ్లలో చదివే అలవాటు చచ్చిపోతోందని సభలు పెట్టి ఏడ్చి ఏడ్చి అలిసిపోయాం. ఇన్నాళ్లకు మందు దొరికింది. ఒక జిగ్‌జాగ్ కత్తెర, ఒక ఫెవికాల్ డబ్బా, రెండు మూరల జనపనార తాడు. ఈ మూడూ ఉంటే పఠన సంస్కృతి దానంతటదే లేచి కూర్చుంటుందట. పెద్దవాళ్ల కోసం ఆదివారం పూట గ్రంథాలయాల్లో పెడుతున్న 'చిన్ననాటి పుస్తకాల' వర్క్‌షాపులు చెబుతున్నది ఇదే. చందమామ బొమ్మలతో పెన్నుల స్టాండు, బాలమిత్ర అట్టతో పర్సు, కథల కాగితాలతో గులాబీలు. ఫీజు కడితే సామాను వాళ్లదే, సమోసా టీ కూడా వాళ్లవే. చదవాల్సిన పని లేదు. అసలు ఆకర్షణ అదే.

చందమామ పేరు వినబడితే కాలు నిలవని తరం నాది కాబట్టి నేనూ ఒకదానికి వెళ్లాను. కింద హాల్లో గ్రూప్-2 కుర్రాళ్లు ఫ్యాను కింద కుర్చీ కోసం పొద్దున్నే వచ్చి రుమాలు వేసుకున్నారు. పక్కన ఇద్దరు పెద్దాయనలు ఒకే దినపత్రికని చెరో పేజీ పంచుకుని చదువుకుంటున్నారు. మేం మేడ మీద. అక్కడ మొదటి పాఠం, కాగితాన్ని పాతబరచడం. తెల్లటి కొత్త కాగితాన్ని టీ డికాక్షన్‌లో ముంచి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, అంచులు కొవ్వొత్తి మీద కాస్త మాడిస్తే యాభై ఏళ్ల నాటి పుస్తకంలా తయారవుతుంది. నిజంగా యాభై ఏళ్ల నాటి పుస్తకాలు కింద బీరువాలో, తాళం వెనక, ఏ డికాక్షనూ అక్కర్లేకుండానే పండిపోయి ఉన్నాయి. వాటి ఊసెవరూ ఎత్తలేదు.

రెండో పాఠం, కత్తిరింపు. బల్ల మీద పాత సంచికలు గుట్టగా పోశారు. నాకు చిక్కినదాన్ని అలవాటు కొద్దీ తెరిచి, ఒక రాకుమారుడు అడవిలో దారి తప్పే చోటు దాకా వచ్చానో లేదో, నేర్పే అమ్మాయి పరుగున వచ్చింది.

"అంకుల్, చదవకండి ప్లీజ్! టైమ్ సరిపోదు. బొమ్మ వరకూ కట్ చేసేయండి."

గ్రంథాలయంలో మాట్లాడొద్దని బోర్డు చూశాను, ఉమ్మొద్దని బోర్డు చూశాను. చదవొద్దని చెప్పించుకోవడం మాత్రం కొత్త.

పక్క కుర్చీలో కూర్చున్నాయన రిటైర్డ్ ఇంజనీరు. ఆవకాయ సీసా కడిగి తెచ్చుకుని దాని చుట్టూ విక్రమార్కుణ్ణి అంటిస్తున్నారు. చందమామలో శంకర్ గీసిన ఆ బొమ్మ తెలియని తెలుగువాడుండడు. కానీ సీసా పొట్టిది, రాజుగారు పొడుగు. మూతకు అడ్డం వస్తోందని తల తీసేశారు. భుజం మీద శవం మిగిలింది, మోసేవాడికి మొహం లేదు. "ఇది ఏ కథలోదండీ?" అన్నాను. "కథేమో తెలీదు సార్, కలర్ బావుందని తీసుకున్నా" అన్నారు ఎంతో నిజాయితీగా. ప్రతి బొమ్మకీ వెనకవైపు ఇంకో కథ ముగింపు ఉంటుందన్న సంగతి కత్తెరకు పట్టదు. ఆ పూట ఎన్ని కథల్లో రాక్షసుడు చావకుండా మిగిలిపోయాడో!

చివర్లో అందరికీ బహుమతిగా బుక్‌మార్కులు పంచారు. పుస్తకంలో ఎక్కడ ఆగామో గుర్తుండటానికి పెట్టుకునేది అది. మొదలే పెట్టనివాళ్లకు దానితో ఏం పనో అర్థం కాలేదు. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి.

ఇదంతా సరదా అంటే నాకు పేచీ లేదు. నడివయసులో జనం కాగితాలు కత్తిరించుకుంటే దేశానికొచ్చిన నష్టమేమీ లేదు, టీవీ చర్చలు చూడటం కంటే ఆరోగ్యం కూడా. కలర్ జిరాక్సులు తీసి అంటించుకుంటామంటే ఇంకా సంతోషం. నా పేచీ అల్లా బ్యానరు మీద రాసినదానితో. 'పుస్తకాన్ని ప్రేమిద్దాం, పఠనాన్ని బతికిద్దాం' అని రాసి, పుస్తకాన్ని ముక్కలు చేసి, చదివేవాణ్ణి వారించడమేమిటి? ఆకలన్నవాడికి విస్తరాకుతో పూలబుట్ట కుట్టడం నేర్పి పంపినట్టుంది.

అడిగితే రెండు జవాబులు వస్తాయి. మొదటిది, ఎలాగూ తూకానికి వేసే కాగితాలే కదా అని. తూకానికి వేయించిందెవరు? చందమామ 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా దాని భాషను చెక్కారు, కూడబలుక్కునే పిల్లవాడు కూడా ఎవరి సాయమూ లేకుండా చదువుకునేలా. దాసరి సుబ్రహ్మణ్యం తన పేరు వేసుకోకుండానే సీరియళ్లు రాసి పిల్లల చేత నెలనెలా పోస్టుమ్యాన్ కోసం కాపలా కాయించారు. అభిమానులు కొందరు ఊరూరా తిరిగి పాత సంచికలు సేకరించి, చిరిగిన పేజీలు అతికించి, స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. ఫెవికాల్ వాళ్లూ వాడారు, మనమూ వాడుతున్నాం. వాళ్లు పేజీని పుస్తకానికి అంటించారు, మనం సీసాకి.

రెండో జవాబు, ఈ వంకనైనా జనం గ్రంథాలయం గడప తొక్కుతారని. తొక్కారు, చూశాను. సమోసాలు అయిపోగానే అదే గడప మళ్లీ తొక్కి వెళ్లిపోయారు. కింద కౌంటర్లో గ్రంథపాలకుడు ఖాళీగానే కూర్చున్నాడు. సభ్యత్వం ఫారం ఒక్కరూ అడగలేదు. ఆయన్ని అడిగినదల్లా పార్కింగు గురించి.

గడప తొక్కించడమంటే ఏమిటో ఈ నేలకు ఒకరు నేర్పాలా? 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి, అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగారు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఇవాళ్టికీ ఉంది. 1935లో పాతూరి నాగభూషణం కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ గ్రంథాలయం నడిపారు. ప్రయాణం సాగినంతసేపూ జనం చదువుకునేవారు. ఆనాడు పుస్తకాల్ని పడవెక్కించారు, ఈనాడు పుస్తకాలతో పడవలు చేసి దారానికి గుచ్చి గుమ్మానికి వేలాడదీస్తున్నాం. రెండింటినీ పఠనోద్యమమనే అంటున్నాం.

నిజం చెప్పాలంటే మనకున్నది పుస్తకం మీద బెంగ కాదు. పుస్తకం చదివిన వయసు మీద బెంగ. అరుగు మీద బోర్లా పడుకుని చదువుకున్న వేసవి సెలవులు, పక్కింటివాళ్ల సంచిక అడిగి తెచ్చుకున్న రోజులు, వాటి మీద ప్రేమ. తప్పేం లేదు. అయితే ఆ వేసవి ఇప్పటి పిల్లలకు కూడా రావాలంటే సీసా మీద బేతాళుడు చాలడు. పిల్లల చేతికి పుస్తకం అందాలి. మేడ మీద ముప్పయిమందిమి పెద్దవాళ్లం బాల్యంలో మునిగి తేలుతుంటే, పిల్లల విభాగం గదిలో విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. పిల్లలు రావడం లేదు కాబట్టి పుస్తకాలు కొనడం లేదు, పుస్తకాలు లేవు కాబట్టి పిల్లలు రావడం లేదు. ఈ ముడి విప్పడానికి బేతాళుడైనా ప్రశ్న అడగలేదు, మనమూ అడగలేదు.

అడిగే హక్కు మాత్రం ఉంది, డబ్బు కట్టి మరీ కొనుక్కున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలు చేసేవి మున్సిపాలిటీలు, పంచాయతీలు. అవి దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమ సక్రమంగా జరగక బకాయిలు పేరుకుపోవడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటేటా వినే పాటే. అంటే వర్క్‌షాపు ఫీజు కట్టకముందే మనం పుస్తకాలకు డబ్బు కట్టేశాం. అది ఎక్కడ ఆగిందో కనుక్కునే ఓపిక లేక, గులాబీలు చేసుకుంటున్నాం.

కాబట్టి అయ్యా, అమ్మా, వచ్చే ఆదివారం ఇంటి పన్ను రసీదు తీసి సెస్సు గడి వెతకండి. మీ వీధి చివర శాఖా గ్రంథాలయానికి వెళ్లి, పిల్లల పుస్తకాలు ఆఖరుసారి ఎప్పుడు కొన్నారో, మన సెస్సు ఎంత జమైందో అడగండి. నోటిమాటకు జవాబు రాకపోతే కాగితం పెట్టండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. దరఖాస్తు రుసుము పది రూపాయలకు మించదు.