డైరెక్ట్ దర్శనం

భారతీయ దర్శనాలు ఆరని లెక్క కట్టిన పండితులు, పాత కార్ల మరమ్మతు షెడ్లలో వర్ధిల్లుతున్న ఏడవ దర్శనాన్ని గుర్తించకపోవడం విచారకరం. బ్యాటరీకీ కాయిల్‌కూ మధ్య కనబడే భేదమంతా మిథ్య అనీ, ఇగ్నిషన్ స్విచ్చి, కనెక్టర్లు, రంగురంగుల వైర్లు కేవలం మాయ అనీ, ఒక్క ఎర్ర వైరుతో ఆ రెండింటినీ ఏకం చేస్తే ఇంజనుకు మోక్షం సిద్ధిస్తుందనీ బోధించే ఈ సిద్ధాంతానికి షెడ్డు పరిభాషలో ‘డైరెక్ట్’ అని పేరు.

ఈ దర్శనం తోసిపుచ్చే లౌకిక జ్ఞానం ఏమంత గహనమైనది కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై తయారైన పాత పెట్రోల్ అంబాసిడర్‌లో 12 వోల్టుల కరెంటు తాళంచెవి స్విచ్చి గుండా తెల్లవైరులో కాయిల్‌కు చేరి, అక్కడి నుంచి డెల్కోలోని, అనగా డిస్ట్రిబ్యూటర్‌లోని, పాయింట్ల ద్వారా ఎర్త్ అవుతుంది. కలుస్తూ విడిపోతూ ఉండే ఈ చిన్న లోహపు జంట విడివడిన క్షణంలో కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కూలిపోయి, వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడుతుంది. విడివడేటప్పుడు తమ మధ్య లేచే రవ్వకు పాయింట్లు కాలిపోకుండా కాపాడేది కండెన్సర్.

లోపం ఎక్కడుందో తేల్చడానికి రెండు తీగలు తగిలించిన చిన్న బల్బు, అదే టెస్ట్ లాంప్, చాలు. ఒక తీగను ఎర్త్‌కు పట్టి, తాళం తిప్పి, రెండవ కొసను కాయిల్‌కు స్విచ్చి వైపున్న టెర్మినల్‌కు ఆనించినప్పుడు బల్బు వెలగకపోతే దోషం స్విచ్చి వైపుది. అక్కడ వెలిగి, డెల్కో వైపు టెర్మినల్ దగ్గర పాయింట్లు తెరిచి ఉన్నా వెలగకపోతే కాయిల్ లోపలి చుట్ట తెగి ఉండాలి, లేదా కండెన్సరో డెల్కో లోపలి వైరో ఎర్త్ అయి ఉండాలి. పాయింట్లు కలిసినా ఆరకపోతే వాటి ముఖాలకు మకిలి పట్టిందనో, అక్కడికి వెళ్లే వైరు తెగిందనో అర్థం. అయితే డైరెక్ట్ వాదులకు ప్రత్యక్ష ప్రమాణం మీద గురి లేదు. “కాయిల్ పోయింది సార్” అనే గురువాక్యమే వారికి పరమ ప్రమాణం. ఆ వాక్యబలంతో కాయిల్, కండెన్సర్, ప్లగ్గులు వరుసగా మారి, ఏదీ ఫలించని దశలో ఎర్ర వైరు అవతరిస్తుంది.

మోక్షానంతర స్థితి కొంత చిక్కైనది. తాళం తీసినా ఇంజను ఆగదు గనుక డ్యాష్‌బోర్డు కింద ఒక మీట స్విచ్చి వెలుస్తుంది. దాన్ని ఆపడం మరచిన రాత్రి, ఇంజను పాయింట్లు కలిసిన భంగిమలో నిలిచి ఉంటే, సుమారు 3 ఓముల కాయిల్‌లో 4 ఆంపియర్ల కరెంటు పారుతూ కాయిల్‌ను కాల్చి బ్యాటరీని పీలుస్తుంది. బలాస్ట్ నిరోధంతో వాడవలసిన 1.5 ఓముల కాయిల్‌కు ఇదే వైరు తగిలిస్తే కరెంటు రెట్టింపై పాయింట్లు మాడతాయి. నింద మాత్రం “ఈ మధ్య సరుకు బాగుండటం లేదు” అంటూ పాయింట్ల మీద పడుతుంది. ఇక బ్యాటరీ నుంచి నేరుగా వచ్చిన ఆ వైరు దారిలో ఫ్యూజు ఉండదన్న సంగతి, బానెట్ అంచుకు రాసుకుని దాని తొడుగు ఊడినప్పుడు గానీ యజమానికి తెలియదు.

అసలు దోషం, అంటే స్విచ్చి వెనుక చిలుము పట్టి పచ్చబడిన ఒక కనెక్టర్, ఈ సాధన అంతటా చెక్కుచెదరకుండా ఉంటుంది. వైపరుకూ పెట్రోలు మీటరుకూ కరెంటు దాని గుండానే వెళ్లవలసి ఉన్నందున కొద్ది వారాలకు అవీ మొరాయిస్తాయి. గురువు వాటినీ డైరెక్ట్ చేస్తాడు. అప్పుడు కారును బేరానికి పెట్టిన యజమాని “వైరింగంతా కొత్తదే” అని చెబితే, అందులో అక్షరం కూడా అబద్ధం ఉండదు.