బెల్టు బండి, పళ్ల లెక్క

బోగోలులో కొత్త బండి కొన్నవాడికి మొదటి వారం టీ అంగడి దగ్గర అభినందనలు దొరుకుతాయి. రెండో వారం నుంచి సలహాలు మొదలు. మైలేజీ చాలడంలేదన్నావా, ముందర స్ప్రాకెట్టుకి ఒక పన్ను పెంచమంటారు. కొండబిట్రగుంట తిరునాళ్లకి పెళ్లాంబిడ్డల్ని ఎక్కించుకుంటే లాగలేదన్నావా, అదే పన్ను తగ్గించమంటారు. ఇంటిపన్ను పెంచితే పంచాయతీ ఆఫీసు ముందర బైఠాయించే మనిషి, బండికి మాత్రం సొంత డబ్బులిచ్చి పన్ను పెంచుకుంటాడు.

సలహాలో తప్పేం లేదు. ఇంజను పక్కనుండే చిన్న చక్రానికి 14 పళ్లు, వెనక చక్రాన్ని తిప్పే పెద్దదానికి 42 పళ్లు అనుకుందాం. చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు. చిన్నదాన్ని 15 పళ్లది చేస్తే 2.8 చుట్లకే పని అయిపోతుంది. ఇంజను తాపీగా తిరుగుతుంది, బండి జోరుగా పోతుంది, లాగుడు మాత్రం అంత మేరకు పడిపోతుంది. 13 పళ్లది వేస్తే మొత్తం తిరగబడుతుంది. వేగమూ లాగుడూ రెండూ ఒకేసారి పెంచే స్ప్రాకెట్టు ఏదైనా ఉందేమోనని మా వీధివాళ్లు కావలి బజారంతా గాలిస్తూనే ఉన్నారు.

పక్కనే బిట్రగుంట. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల లోకోషెడ్డుతో వెలిగిన ఊరు. ఆవిరి ఇంజనుకి గేరుబాక్సు ఉండదు. పిస్టనుకి తగిలించిన కడ్డీలే నేరుగా చక్రాన్ని తిప్పుతాయి కాబట్టి చక్రం సైజే గేరు. అందుకే మన రైల్వేలో ప్యాసింజరు బండ్లు లాగే డబ్ల్యూపీ ఇంజనుకి 1705 మిల్లీమీటర్ల చక్రాలు, గూడ్సు లాగే డబ్ల్యూజీకి 1562 మిల్లీమీటర్లవి. అక్కడ పన్ను మార్చే సౌకర్యం లేదు. గేరు మార్చాలంటే ఇంజనునే మార్చాలి. టీ అంగడి సలహాదారులు రైల్వేలో చేరకపోవడం దేశానికి మేలే చేసింది.

ఇట్లాంటి ఊరికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి బెల్టు బండి వేసుకుని దిగాడు. కంపెనీ పేరు చెప్పను. చప్పుడు వింటే మీకే తెలుస్తుంది, జువ్వలదిన్నె రేవులో పడవలవాళ్లకి కూడా తెలిసింది. వాడి బాధల్లా ఒకటే. హైవే మీద ఇంజను మరీ అరుస్తోందట, ముందర పుల్లీ రెండు పళ్లు పెద్దది వేయించాలట.

మా మెకానిక్కు భాయి బండి చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"గొలుసేది సార్?"

"గొలుసుండదు భాయ్. బెల్టు."

"మా నాయన పిండిమరకి ఉండేదే. సాగిందంటే కోసి కుట్టేవోళ్లం." ఆయిలు డబ్బా అందుకున్నాడు.

మా వాడు అడ్డం పడ్డాడు. ఆ బెల్టుకి ఆయిలు తగలకూడదు, మడత పడకూడదు, పుల్లీకీ దానికీ నడుమ గులకరాయి దూరకూడదు. లోపల గట్టి పోగులుంటాయి, అవి ఒకచోట విరిగాయంటే బెల్టు పని అయిపోయినట్టే. ఇసుక, గులక తప్ప ఇంకేం లేని మా సముద్రపు రోడ్డుకి ఇంతకన్నా సుకుమారమైన అల్లుడు ఇంతవరకు రాలేదు.

అసలు తిరకాసు వేరే ఉంది. పుల్లీ పెద్దదైతే బెల్టు చుట్టాల్సిన దారి పొడవవుతుంది. గొలుసైతే ఒక లింకు కలిపి సరిపెడతాం. బెల్టుకి లింకుల్లేవు, అతుకుల్లేవు, అది ఫ్యాక్టరీలో పుట్టిన కొలతతోనే పోతుంది. వెనక చక్రాన్ని కాస్త ముందుకి జరుపుకోవాలి, ఆ జాగా చాలకపోతే కొత్త కొలత బెల్టు కొనాలి. అది అతుకులేని వలయం కాబట్టి కొన్ని బండ్లకి ఎక్కించాలంటే వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్‌నే ఊడదీయాలి. "ఒక్క పుల్లీ" అని మొదలైన పని బిల్లులో పేజీ తిప్పుతుంది.

వందేళ్ల కిందటి ఇంగ్లండువాళ్లు ఈ విషయంలో మనకంటే తెలివిగలవాళ్లు. అప్పటి మోటారుసైకిళ్లకి చాలావాటికి తోలు బెల్టే, గేరు ఒకటే. గట్టు ఎక్కాలంటే కొందరు దిగి, స్పానరుతో పుల్లీ సరిచేసుకుని, మళ్లీ ఎక్కేవాళ్లు. జెనిత్ కంపెనీ గ్రాడ్యువా అనే ఏర్పాటు తెచ్చింది. పిడి తిప్పితే ఇంజను పుల్లీ రెక్కలు దగ్గరకో దూరానికో జరుగుతాయి, బెల్టు వదులవకుండా వెనక చక్రం కూడా అటూ ఇటూ కదులుతుంది. గట్లెక్కే పోటీల్లో వీళ్లని ఓడించలేక, నిర్వాహకులు కొన్నిచోట్ల బండినే నిషేధించారు. కంపెనీ ఏమాత్రం నొచ్చుకోలేదు. "నిషిద్ధం" అనే మాటనే తన గుర్తులో అచ్చేసుకుంది. ఆ తర్వాత 1911లో రడ్జ్ కంపెనీ మల్టీ తెచ్చింది, వెనక పుల్లీ కూడా మారేట్టు చేసి చక్రాన్ని కదలకుండా నిలిపింది. ఆ బండి మీదే సిరిల్ పుల్లిన్ 1914 సీనియర్ టీటీ పందెం గెలిచాడు.

ఈ కథంతా నేను మా వాడికి చెబుతుంటే మా ఆవిడ స్కూటీ తీసి కూరగాయలకి బయల్దేరింది. మా వాడు దాన్ని చూసి, "గేర్లు లేని బండి, దాన్ని బండంటారా మామా" అన్నాడు. ఇక్కడ నాకు పట్టరాని సంతోషం కలిగింది.

ఎందుకంటే గేర్లు లేని స్కూటరు లోపల ఉన్నది బెల్టూ, రెండు పుల్లీలే. ముందర పుల్లీలో రోలర్లుంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి బయటికి జరిగి పుల్లీ రెక్కల్ని దగ్గరకి నెడతాయి. బెల్టు పైకెక్కుతుంది, అంటే పుల్లీ పెద్దదైనట్టే. వెనకది విచ్చుకుని బెల్టుని లోపలికి దించుకుంటుంది, అంటే చిన్నదైనట్టే. జెనిత్ వాడు చేత్తో తిప్పింది ఇక్కడ దానంతటదే జరుగుతుంది. 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పటి నుంచి మన ఆడవాళ్లు, రిటైరైన మాస్టర్లు, పాలవాళ్లు ఈ పని క్షణక్షణం చేస్తూ గోంగూర తెచ్చుకుంటున్నారు. హాలెండులో డాఫ్ వాళ్లు 1958లో ఇదే ఉపాయాన్ని కారుకి పెట్టారు. ఆ కారు ముందుకెంత జోరుగా పోతుందో వెనక్కీ అంతే జోరుగా పోయేది. అక్కడివాళ్లు దాంతో వెనక్కి నడిపే పందేలు పెట్టుకుని తీరిక వెళ్లబుచ్చారు.

"అంటే అత్తయ్య పొద్దున్నుంచీ పుల్లీలు మారుస్తూనే ఉందన్నమాట" అన్నాడు మా వాడు, నీరసంగా.

"ఉప్పు మర్చిపోకుండా" అంది మా ఆవిడ, తిరిగొచ్చి.

అయినా వాడు పంతం విడవలేదు. హైదరాబాదు వెళ్లి 28 పళ్ల పుల్లీ తీయించి 30 పళ్లది వేయించాడు. హైవే మీద ఇంజను చప్పుడు తగ్గిందని, ఎంతో హాయిగా ఉందని ఫోను చేశాడు. వాడు చెప్పనిది, మాకు తర్వాత తెలిసింది ఏమంటే, ఆ బండికి మీటరు లెక్క వెనక చక్రం నుంచి కాక గేరుబాక్సు నుంచి వెళ్తుంది. పుల్లీ మారిన సంగతి మీటరుకి ఎవరూ చెప్పలేదు. అది 80 చూపిస్తుంటే బండి దాదాపు 86 మీద పోతోంది. నాలుగు లేన్ల హైవే మీద మోటారుసైకిలుకి 80 దాటకూడదని రూలు.

చలానా మా బావ పేరున వచ్చింది, బండి ఆయన పేరునే ఉంది కాబట్టి. మావాడు ఆయన్ని కూచోబెట్టి 30ని 28తో భాగించి, ఒకటి పాయింటు సున్నా ఏడు అని బోర్డు మీద రాసినంత వివరంగా చెప్పాడట. అంతా విని బావ నాకు ఫోను చేశాడు.

"ఏందిరా, ఊర్లో వాడికి ఈ పళ్ల లెక్కలు నేర్పింది నువ్వేనా?"

"నేను కాదు బావా, టీ అంగడి" అన్నాను.